మూరెడు దూరానికి కళ్లద్దాలు

మా అమ్మాయి నాకు కొనిపెట్టిన కళ్లద్దాలకు కట్టె ఫ్రేము. చూసినవాళ్లందరూ ఎంత బాగున్నాయో అన్నారు. నేను మాత్రం కాదన్నానా? ఆ అద్దాలు పెట్టుకున్నాక నేను అందరికీ బాగా కనిపించాను. నాకే ఏదీ సరిగా కనిపించలేదు.

మాది ధర్మవరం. ఇంట్లోకి అడుగుపెడితే ముందుగదిలోనే మగ్గం. నేలలో గుంత తవ్వి ఉంటుంది. అందులోకి కాళ్లు జారవిడిచి, గట్టు మీద కూర్చుని నేయాలి. ఆ మగ్గం మా ఇంటాయనది. ఆయన మోకాళ్లు అరిగిపోయి, గుంతలోకి దిగితే మళ్లీ పైకి లేవలేని స్థితి వచ్చాక నేను దిగాను. అప్పటికి మా అమ్మాయి బడికి పోయే పిల్ల. ఇప్పుడు హిందూపురంలో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు టీచరు. ఇన్నేళ్లూ మగ్గం ఆయన పేరుతోనే నడిచింది, కాళ్లూ కళ్లూ నావి. పడుగు పోగులిచ్చి మాచేత చీరలు నేయించుకునే షావుకారు వాటిని ఆయన చేతికే ఇచ్చేవాడు. నేసిన చీర తీసుకుపోతే, "అప్పా, నీ చెయ్యి పడితే అంతే" అని మెచ్చుకునేవాడు. మా ఇంటాయన తల ఊపుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఒక్కనాడైనా "నాది కాదప్పా, మా ఆడమనిషి నేసింది" అన్న పాపాన పోలేదు.

నలభై దాటాక నాకు పోగులు మసకబారడం మొదలైంది. తెగిన పోగును వేలితో తడిమి వెతుక్కునేదాన్ని. ఆ రోజుల్లోనే పెనుకొండకు, పుట్టింటికి పోయినప్పుడు, అక్కడి బళ్లో కళ్ల పరీక్షలు చేస్తున్నారని తెలిసి పోయి వరసలో నిలబడ్డాను. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. చేతికొక అట్ట ఇచ్చి చదవమంది. చదివాను. "దగ్గర చూపుకు ఇది చాలమ్మా" అంది. నాకు ఒళ్లు మండింది.

"నేను పుస్తకాలు చదివేదాన్ని కాదు తల్లీ, చీరలు నేసేదాన్ని" అని సంచిలోంచి ఒక పట్టు ముక్క తీసి, ముఖానికి మూరెడు దూరంలో పట్టుకున్నాను. "ఈడ కనపడాల్ల నాకు. ముక్కు కింద కాదు, ఈడ!"

ఆ పిల్ల నవ్వింది గానీ ఎగతాళి చేయలేదు. "ఆ ముక్కను అట్లే పట్టుకోండి" అని ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మార్చింది. వరసలో నా వెనకున్నవాళ్లు గొణుగుతున్నా వినిపించుకోలేదు. చివరికి ఒక అద్దం పెట్టగానే పోగులు పోగులుగా విడిపోయి కనిపించాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ అద్దాలకు నల్ల ప్లాస్టిక్ ఫ్రేము. కొన్నేళ్లకు ఒక పక్క పుల్ల ఊడితే, మిగిలిన ఎర్రపట్టు దారం తీసుకుని సన్నగా, వరసగా చుట్టి ముడివేశాను. అంత చక్కగా కుదిరిందంటే, మా వీధిలో ఒకామె అది కొత్త డిజైనేమో అనుకుని ఎక్కడ కొన్నావని అడిగింది. మా అమ్మాయికి మాత్రం ఆ దారం చూస్తే తల తీసేసినట్టుండేది.

పోయిన ఏడాది మా అమ్మాయి హిందూపురంలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం దగ్గర పడగానే ఫోను చేసింది.

"ఆ దారం కట్టిన కండ్లద్దాలతో ఫోటోలకు వస్తావా మా? ముందుగానే రా, కొత్తవి తీసుకుందాం."

మా అమ్మాయికి పర్యావరణం అంటే ప్రాణం. అది చెడ్డదని నేననను. బళ్లో పిల్లల చేత చెట్లు నాటిస్తుంది, అంగడికి గుడ్డసంచి పట్టుకుపోతుంది, ఇంట్లో ప్లాస్టిక్ సీసా కనిపిస్తే ఇల్లంతా ఏకం చేస్తుంది. మా ఇంట్లో గుడ్డసంచీలు దాని పుట్టుక ముందునుంచీ ఉన్నాయి. చిరిగిన చీరతో బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ. అది చేస్తే పర్యావరణం, నేను చేస్తే పిసినారితనం.

హిందూపురంలో అది నన్ను తీసుకుపోయిన అంగడి మా ఇల్లంత పెద్దది. గోడలనిండా అద్దాలే. అంగడాయన మెత్తగా మాట్లాడే మనిషి. పర్యావరణానికి మంచివి కావాలని మా అమ్మాయి అడగగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక ట్రేలో రకరకాల ఫ్రేములు పరిచాడు. ఇవి వెదురువి, ఇవి పాత ఇండ్ల కట్టెతో చేసినవి, ఇవి సముద్రంలో పారేసిన చేపల వలలను కరిగించి చేసినవి. ఒక్కోదాని కథ చెబుతుంటే, కళ్లద్దాలు కొంటున్నామా పుణ్యం కొంటున్నామా అని నాకు అనుమానమొచ్చింది.

నాకు వలల ప్లాస్టిక్‌తో చేసిన ఒక ఫ్రేము నచ్చింది. చింతగింజ రంగు. వెలుతురుకు పట్టి చూస్తే లోపల తేనెరంగు తేలుతోంది. నాది చామనఛాయ. చామనఛాయకు ఆ రంగు అంచు దిద్దినట్టు కుదురుతుంది. ఏ ఒంటికి ఏ అంచు నప్పుతుందో బతుకంతా చూసినదాన్ని, నా ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పుకోలేనా? పెట్టుకుని, మగ్గం మీదికి వంగినట్టు ముందుకు వంగి చూశాను. జారలేదు.

"ఇది బాగుండాది" అన్నాను.

"అది ముసలోళ్లది మాదిరుంది మా."

"నేనేమన్నా పడుచుదాన్నా?"

మా అమ్మాయి వినలేదు. కట్టె ఫ్రేము తీసి నా ముక్కు మీద పెట్టింది. "పాత తలుపుల కట్టెతో చేసిందంట. దీనికోసం ఒక్క చెట్టూ కొట్టలే, పిసరంత ప్లాస్టిక్కు లేదు. చూడు, ఎంత స్టైలుగా ఉండావో! ప్రొఫెసరమ్మ మాదిరుండావు."

అద్దంలో చూసుకున్నాను. నిజంగానే ఎవరో చదువుకున్నామెలాగా ఉన్నాను. నాలాగా లేను, అంతే. ఎవరింటి తలుపో పాపం, నా ముక్కు మీదికి వచ్చి పడింది.

"ఈ పాత ఫ్రేములోనే అద్దాలు మారిస్తే పోదా? ఉన్నదాన్నే వాడుకుంటే అదే కదా నీ పర్యావరణం?" అన్నాను.

అంగడాయన నవ్వాపుకున్నాడు. మా అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, "పరువు తీయొద్దు మా" అంది.

కళ్ల పరీక్ష చేస్తూ అంగడాయన అడిగాడు. "ఏం పని చేస్తారమ్మా మీరు?"

"ఇంట్లోనే" అన్నాను.

మా వీధిలో ఆ మాటకు ఒకటే అర్థం. వేరేవాళ్ల షెడ్డులో కూలికి నేసేవాళ్లుంటారు, సొంత మగ్గం పెట్టుకుని నేసేవాళ్లుంటారు. ధర్మవరంలో నేతమనిషిని "నేస్తావా?" అని అడిగేవాళ్లు లేరు, "యాడ?" అని అడుగుతారు. "ఇంట్లోనే" అంటే సొంత మగ్గమని. ఆ మాట చెప్పేటప్పుడు మెడ కొంచెం నిటారుగా నిలుస్తుంది. నేనూ అట్లాగే మెడ నిలబెట్టి చెప్పాను.

"ఓ, ఇంట్లోనేనా! అయితే మీకు ప్రోగ్రెసివ్ ఇస్తానమ్మా. పైభాగంలో దూరం, కిందిభాగంలో దగ్గర, మధ్యలో గీత కూడా కనపడదు. టీవీ, సెల్లు, దేవుడి పుస్తకం, అన్నిటికీ ఒకటే జత" అన్నాడు.

అన్నిటికీ అన్నాడు కదా, అన్నిట్లో మగ్గం కూడా ఉందనుకున్నాను. పక్కనే మా అమ్మాయి కూర్చుని ఉంది. ధర్మవరంలో పుట్టి, ఆ మగ్గం చప్పుడుకే నిద్రపోయి, ఆ చప్పుడుకే నిద్రలేచి పెరిగిన పిల్ల. ఏమీ అనలేదు.

అద్దాలు తయారయ్యాక తీసుకోవడానికి పోయాం. ఆ అంగట్లో బల్ల మీద ఒక డబ్బా ఉంది. పాత అద్దాలు అందులో వేస్తే, పనికొచ్చేవాటిని లేనివాళ్లకు ఇస్తారట, మిగిలినవి కరిగించి మళ్లీ వాడతారట. నేను కొత్తవి పెట్టుకుని అటూ ఇటూ చూస్తుండగానే మా అమ్మాయి నా పాతవాటిని టక్కున డబ్బాలో వేసేసింది. ఎర్రదారం ఎవరి కంటా పడకూడదని కాబోలు.

"అయ్యో, అవెందుకు వేసినావే!"

"పేదోళ్లకు పోతాయి మా."

నాకంటే పేదోళ్లు ఎవరో నాకు అర్థం కాలేదు. అంతమంది ముందర డబ్బాలో చేయిపెట్టి వెతుక్కోలేక వచ్చేశాను.

గృహప్రవేశంలో అందరి నోటా అద్దాల మాటే. వియ్యంకుల తరఫున వచ్చిన ఒకామె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మీ అమ్మగారు రిటైరైన టీచరా?" అని మా అమ్మాయిని అడిగింది. మా అమ్మాయి నవ్వింది. అవుననలేదు, కాదనీ అనలేదు. పక్కన మా ఇంటాయన కొత్త చొక్కా వేసుకుని పాయసం తాగుతున్నాడు.

తిరుగు రైల్లో పెనుకొండ దాటుతుంటే కిటికీలోంచి కొండ చూశాను. బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్న కొండే. అంత దూరాన కోటగోడ రాళ్లు రాయికి రాయి విడిగా కనిపించాయి. చిన్నపిల్లలా సంబరపడ్డాను. మా అమ్మాయిని మనసులో తిట్టుకున్నందుకు లెంపలేసుకున్నాను.

ఆ సంబరం మర్నాడు మగ్గంలో కూర్చునేదాకానే. అప్పుడు మగ్గం మీద పెళ్లిచీర ఉంది. ఒళ్లంతా పసుపు, అంచు నెమలికంఠం రంగు. మామూలుగా తల దించి చూస్తే పోగులన్నీ అలికేసినట్టున్నాయి. నీళ్లు మింగే కోడిలాగా గడ్డం పైకెత్తి, అద్దాల కిందిభాగంలోంచి చూస్తే మధ్యలో పిడికెడంత చోటు తేటగా కనిపించింది. ఆ పిడికెడు దాటితే రెండు పక్కలా మసక. చీరకు అంచులు రెండు పక్కలా కాక నడిమధ్యలో ఉంటాయా? ఎడమ అంచు చూడాలంటే మెడ ఎడమకు, కుడి అంచుకు మెడ కుడికి. పొద్దుగూకేసరికి మెడ నరాలు పట్టేశాయి. దానికితోడు కట్టె ఫ్రేము వేడిచేసి వంచడానికి రాదట. వంగినప్పుడల్లా చెమటకు జారిపోయేది. పర్యావరణానికి ఎంత మంచిదో కానీ నా ముక్కుకు మాత్రం పగదైంది. చివరికి దానికీ వెనకనుంచి దారం కట్టుకున్నాను.

ఫోను చేస్తే మా అమ్మాయి, "కొత్త కదా మా, అలవాటైతాది. ఓపిక పట్టు" అంది. మా ఇంటాయన, "నీకు ఏదన్నా నచ్చితే కదా!" అన్నాడు. అలవాటవుతుందని నేనూ పంటిబిగువున నేసుకుంటూ పోయాను.

ఆ చీర ఇవ్వడానికి నేను కూడా వెంట పోయాను. షావుకారు ఎప్పటిలాగే చీర విప్పి, ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. ఎడమ అంచు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇదేందప్పా? అంచులో ఇంత పొడవు గీత!"

పోగు తెగింది. తెగినట్టు చూసుకోకుండా నేను నేసేశాను. ఆ తెగిన పోగు చోటంతా, నెమలికంఠం రంగులో గీరినట్టు ఒక చార. ఆ చీర కట్టుకోబోయే పెళ్లికూతురు నెత్తిన నా కళ్లద్దాల పాపం పడింది. నాకు నోట మాట రాలేదు.

మా ఇంటాయనకు మాత్రం వెంటనే వచ్చింది. "నేను కాదప్పా. మా ఆడమనిషి కదా నేసేది! నేను మగ్గంలో కూర్చుని శానా ఏండ్లయింది."

అన్నేళ్లలో మొదటిసారి ఆ మగ్గం నాదైంది. దెబ్బ తగిలిన చీర ఒకటి వస్తే గానీ దాన్ని నేసింది నేనని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చీర మడతపెడుతూ నిలబడ్డాను.

షావుకారు కసురుకోలేదు. "ఏమమ్మా, కండ్లు కనపడకుండా నేస్తే ఇద్దరికీ నష్టమే. చూపు సరిచేసుకొని రా. కనపడ్తాండాదని నువ్వు చెప్పినంకే ఇంకో పడుగు ఇస్తా" అన్నాడు.

అది న్యాయమైన మాటే. ఆ మాటనే పట్టుకున్నాను. ఇంటికొచ్చి ఖాళీ మగ్గం మీద పాత దుప్పటి కప్పి, మూరెడు దూరం కనపడే అద్దాలు తెచ్చుకుంటానని మా ఇంటాయనతో చెప్పాను. ఎప్పుడూ వంటెవరు చేస్తారని సణిగే మనిషి, ఆరోజు ఎంతో శాంతంగా, "పోయిరాపో. నిదానంగానే రా" అన్నాడు.

మా అమ్మాయిని వెంటబెట్టుకుని హిందూపురం అంగడికి పోయి, ముందు ఆ డబ్బా సంగతే అడిగాను. పోయినవారమే ఖాళీ చేసి పంపించేశారట. నా నల్ల ఫ్రేము ఎవరి ముక్కుకు పోయిందో, ఏ మంటలో కరిగిందో. సంచిలోంచి పట్టు ముక్క తీసి, పెనుకొండలో డాక్టరమ్మ ముందర పట్టుకున్నట్టే అంగడాయన ముందర పట్టుకున్నాను.

"నేను నేతమనిషిని సామీ. ఇంత దూరంలో, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కనపడాల్ల నాకు."

ఆయన నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, అందుకే కదమ్మా ఏం పని చేస్తారని అడిగింది! ఇంట్లోనే అన్నారు మీరు."

"మగ్గం ఉండేది ఇంట్లోనే కదప్పా!"

ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నావైపు కాదు, మా అమ్మాయి వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పాల్సింది కదా మేడం. పక్కనే ఉన్నారు కదా!"

మా అమ్మాయి సెల్లులోకి తలదూర్చింది.

అంగడి బయటికి వచ్చాక మెట్ల మీదే నిలబెట్టి అడిగాను. "ఇంట్లోనే అంటే ఏందో ఆయప్పకు తెలీదు, సరే. నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసి నోరు మూసుకున్నావా?"

"మూసుకున్నా. ఇంకా ఎన్నాళ్లు మా ఆ గుంతలో? నడుం చూడు ఎట్ల వంగిపోయిందో. కండ్లు పూర్తిగా పోయినంక ఎవరు చూస్తారు నిన్ను? ఆ అద్దాలతో నేసేకి రాకపోతే నువ్వే మానుకుంటావనుకున్నా. మా అత్తోళ్ల ముందర నేను ఏం చెప్పుకోవాల్ల? మా అమ్మ ఈ వయసులో మగ్గం గుంతలో ఉండాదని చెప్పుకునేదా?"

మొదటి మాటకు నాకు ఏడుపొచ్చింది, చివరి మాటకు కడుపు మండింది. రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో వస్తే మనిషి దేనికని జవాబు చెబుతుంది? ఆ గుంతలో కూర్చునే కదే నిన్ను చదివించింది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట అన్న తల్లులను చూశాను. అన్నాక పిల్లలు దగ్గరికి రారు, ఇంకా దూరం జరుగుతారు.

"నాకు పని కావాల" అన్నాను. "నీకు సిగ్గయితే నన్ను నీ ఇంటికి పిలవాకు. నా కండ్లతో ఆటలాడాకు."

అది కళ్లు తుడుచుకుంది. మళ్లీ లోపలికి తీసుకుపోయి, మూరెడు దూరానికే, అంచు నుంచి అంచుదాకా ఒకేలా కనిపించే మామూలు అద్దాలు చేయమని తనే చెప్పింది. అవి బెంగళూరు నుంచి రావాలి. "వచ్చేదాకా ఈడే ఉండు మా" అంది. ఆ రోజులన్నీ నాకు రాజభోగం. సంగటి తనే కెలికింది, నా తలకు నూనె పెట్టింది. మధ్యమధ్యలో మిద్దె మీదికి పోయి వాళ్ల నాయనతో ఫోనులో మాట్లాడేది. తప్పు తెలుసుకుందిలే పిల్ల అని నా మనసు కరిగిపోయింది.

అద్దాలు వచ్చాయి. అంగట్లోనే పట్టు ముక్క పట్టుకుని చూశాను. పోగులు పోగులుగా విడిపోయి కనిపించాయి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. మా అమ్మాయి చేయి పట్టుకుని గట్టిగా నొక్కాను. అది నవ్వింది గానీ నా ముఖంలోకి చూడలేదు.

రైల్లో కూడా వాటిని తీయలేదు. పెనుకొండ దగ్గర కొండ ఉత్త బూడిదకుప్పలా కనిపించింది. కనిపించకపోతే పోనీ, కొండతో నాకేం పని! షావుకారు దగ్గర ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ఈసారి పడుగు నా చేతికే ఇమ్మని అడగాలనుకున్నాను.

ఇంటి గడప దగ్గరే పచ్చి సిమెంటు వాసన కొట్టింది.

ముందుగది ఖాళీగా ఉంది. మగ్గం లేదు. గుంత పూడ్చేశారు. గదంతా తెల్లటి బండలు పరిచారు, మా అమ్మాయి కొత్తింట్లో వేసిన లాంటి బండలే. మా ఇంటాయన కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు.

"మగ్గం యాడ?"

"ఇచ్చేసినా. పాత కట్టె కొనేటోళ్లు వచ్చి ఎత్తకపోయినారు. మంచి టేకు కదా, దాంతో ఏమేమో చేస్తారంట. పారేసింది కాదులే, మళ్లీ వాడతారు. నీ కూతురే మాట్లాడింది, బండలకు దుడ్లు కూడా అదే పంపించింది. ఇంక కాళ్లు చాపుకుని ఇంట్లోనే ఉండు."

అరిచానా, తిట్టానా, ఇప్పుడు గుర్తులేదు. పోయి నా చోట్లో కూర్చున్నానని మాత్రం గుర్తుంది. అలవాటు చొప్పున కాళ్లు కిందికి జారవిడవబోతే మడమలు బండకు కొట్టుకున్నాయి. అప్పుడే ఫోను మోగింది.

"ఎట్లుండాది మా? కండ్లద్దాలు బాగా కనపడతాండాయా?"

చీర ఉండాల్సిన చోట, సరిగ్గా మూరెడు దూరంలో, కొత్త బండల మధ్య గీతలు ఒక్కొక్కటి కనిపిస్తున్నాయి.

"బాగా కనపడతాండాయి" అన్నాను. "ఎడమ పక్క గోడ కాడ బండలు వంకర పోయినాయి. అంచు కలవలే."

"దానిమీద ఒక చాపేస్తే ఎవరికీ కనపడదులే మా" అంది మా అమ్మాయి.

"నాకు కనపడతాది" అని ఫోను పెట్టేశాను.